లెఫ్టు పక్క స్టంటు

పోయిన నెల మా సందులో ఆయన పోయాడు. నాలుగు రోజుల జ్వరం. రక్తంలో ఏవో కణాలు పడిపోయాయన్నారు, కామారెడ్డి దవాఖానకు చేరేలోపే తోవలో అయిపోయింది. డోంగ్లి నుంచి మేనమామ కొడుకు వచ్చేదాకా శవాన్ని వాకిట్లో ఉంచారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లదీ, ఎదురు అరుగు మీద కూర్చున్న మగవాళ్లదీ ఒకటే మాట.

“గుండెల స్టంటు ఏసుకొని తొమ్మిదేండ్లు బతికిండు. ఇంకెన్ని దినాలు ఆగుతది?”

“గా గుండెతోటి గన్నేండ్లు లాక్కొచ్చుడే గొప్ప.”

ఒకాయన నావైపు తిరిగి, “ఏమంటవ్‌రా, నీ ఆటోలనే తిరుగుతుండె గద?” అన్నాడు.

నేను నేల చూశాను. ఎల్లారెడ్డి బస్టాండు కాడ ఆటో నడిపే నాకు నేల చూసే అలవాటు లేదు. చావు ఇంట్లో కూడా ఒక మాట విసిరి, ఏడ్చేవాళ్ల నోట నవ్వు తెప్పించి, తర్వాత ఇంట్లో తిట్లు తినే మనిషిని. ఆ రోజు మాత్రం చూపు నేల మీదే ఉంచాను.

ఎందుకంటే ఆ గుండెకు ఏమీ లేదు. ఎన్నడూ లేదు. ఆ సంగతి తెలిసినవాణ్ని ఊరు మొత్తానికి నేనొక్కణ్నే. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చెప్పొద్దన్నాడు గానీ రాయొద్దనలేదు. నేను ఏదైనా రాస్తానని ఆయన అనుకొని ఉండడు. నాకు ఏడో తరగతి చెప్పిన సారైతే అసలే అనుకొని ఉండడు. ఆయన పేరు రాయను. ఊళ్ల పేర్లు తప్ప మిగతావి కొంచెం అటూ ఇటూ చేశాను కాబట్టి ఎవరూ వెతకొద్దు.

ముందు ఆయన నడక చెప్పాలి. కుడి అరచెయ్యి ఎప్పుడూ ఎడమ రొమ్ము మీద ఉండేది. చొక్కా జేబులో కోడిపిల్లను దాచి, అది దుంకిపోకుండా పట్టుకున్నట్టు. అడుగు తీసి అడుగు వేయడానికి మధ్యలో చిన్న ఆలోచన. మా సందు మొదట్లో రెండే రెండు మెట్లున్నాయి. ఒకటి ఎక్కి ఆగేవాడు. ఆగి, సందులోని ఇండ్లన్నీ కొత్తగా చూస్తున్నట్టు చూసి, రెండోది ఎక్కేవాడు.

ఆ అరచెయ్యి చూస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు. మస్కట్‌లో పదేళ్లు ఇనుప చువ్వలు వంచిన చెయ్యి. నా ఆటోను ఒక పక్క ఎత్తి పట్టుకుంటే నేను టైరు మార్చుకోవచ్చు, అంత చెయ్యి. దానితో తునికాకు చుట్టేవాడు. వాళ్లమ్మ బీడీలు చేసిన గదిలోనే, వాళ్లమ్మ చాట ఒళ్లో పెట్టుకొని, వాళ్లమ్మ కూర్చున్నట్టే కాళ్లు చాపుకొని బీడీలు చేసేవాడు. మా వైపు అది ఆడవాళ్ల పని. పక్కిండ్ల ఆడవాళ్లు ఒకచోట చేరి ముచ్చట పెట్టుకుంటూ చేస్తారు. ఈయన మగమనిషి కాబట్టి వాళ్లలో కూర్చోలేడు, బరువు పని చేయొద్దనుకున్నాడు కాబట్టి మగవాళ్లతో మేస్త్రి పనికి పోలేడు. గుమ్మం లోపల ఒక్కడే కూర్చొని, బయట వాళ్ల ముచ్చట్లు వింటూ చుట్టేవాడు. కట్టలు కట్టేవాడు గానీ ఒక్కటి కూడా ముట్టించలేదు. గుండెకు మంచిది కాదట.

గుండెకు మంచివి కానివి చాలా ఉండేవి. క్రికెట్ చివరి ఓవరు మంచిది కాదు. హోటల్లో అందరూ టీవీ ముందు లేచి నిలబడగానే ఈయన చాయి గ్లాసు పట్టుకొని బయటికొచ్చి, రోడ్డు మీద పోయే బర్రెల్ని చూస్తూ తాగేవాడు. పెళ్లి బ్యాండు మంచిది కాదు. డప్పులు మంచివి కావు. చావు ఇల్లు మంచిది కాదు. కొట్లాట మంచిది కాదు, కొట్లాట అయిపోయాక కలిసి తాగడం అంతకన్నా మంచిది కాదు. నలుగురు గుమిగూడే చోటల్లా ఆయన గుండెకు ఏదో ఒక ప్రమాదం ఉండేది. అట్లా ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ పోతే చివరికి ఆ గదీ, చాటా మిగిలాయి.

నవ్వు కూడా మంచిది కాదు. అక్కడ నాకు ఆయనతో పేచీ వచ్చేది.

నా ఆటోలో ఎక్కినవాళ్లు నవ్వకుండా దిగితే నాకు ఆ రోజు అన్నం సయించదు. ఈయన మాత్రం నేను ముచ్చట మొదలుపెట్టగానే తల బయటికి పెట్టి పొలాలు చూసేవాడు. మిగతావాళ్లు పడీపడీ నవ్వుతుంటే రెండు పెదవులూ లోపలికి మింగేసి కూర్చునేవాడు.

“నవ్వియ్యకు తమ్మీ. నాకేమన్న అయితే నీకు పాపం తగుల్తది.”

“నవ్వితే సస్తవని డాక్టరు చెప్పిండా అన్నా?”

“డాక్టరు అన్ని చెప్తడా? మనమే తెలుసుకోవాలె.”

“ఏడుస్తే ఏం గాదా మరి?”

కాసేపు నిజంగానే ఆలోచించి, “మెల్లగ ఏడుస్తే ఏం గాదు” అన్నాడు. ఆటో అంతా గొల్లుమంది. ఆయనొక్కడే నవ్వలేదు. ఆయన వేసిన జోకే అది.

స్పీడ్ బ్రేకర్ల దగ్గరైతే నన్ను సతాయించేవాడు. అరఫర్లాంగు ముందే మొదలయ్యేది. “తమ్మీ, ముంగట బ్రేకరున్నది.” “తెలుసన్నా, రోజూ దాటుతనే ఉన్న.” “గయితే జర మెల్లగ.” ఆటోను మనిషి నడిచినంత మెల్లగా పోనిచ్చినా, ఎగిరినప్పుడు ఆయన ముఖం ఒక్కసారి నల్లబడి, కళ్లు గట్టిగా మూసుకుపోయేవి. నటిస్తున్నాడనుకునేవాణ్ని. నా మీద కోపానికి అట్లా చేస్తున్నాడని కూడా అనుకున్నాను.

పొద్దున్నే ఆడవాళ్లు కట్టలు పట్టుకొని బీడీ కార్ఖానకు పోతూ ఆయన గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లు.

“పానం ఎట్లున్నదే అన్నా?”

“ఇయ్యాల్టికైతే ఉన్నది.”

తొమ్మిదేళ్లు ఆ ఒక్క ప్రశ్నకు ఆ ఒక్క జవాబే. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కొంచెం పెద్దరికం వినిపించేది.

ఇక నా పాపం చెప్పాలి. దీన్ని దాటేసి పోదామని రెండుసార్లు చూశాను, కథ కదలడం లేదు.

తొమ్మిదేళ్ల కింద మస్కట్ నుంచి దిగినప్పుడు ఆయన చేతిలో ఒక కాగితం ఉండింది. పనిలో ఉండగా నడుము నుంచి నొప్పి లేచి పడిపోయాడట. దవాఖానలో కళ్లు తెరిచేసరికి పైపైకి అంతా బాగానే ఉంది. ఒంటి మీద కోత లేదు, కుట్టు లేదు. మలయాళం నర్సు హిందీలో చెప్పిందట, లోపల స్టెంట్ వేశాం, మూడు నెలలకు మళ్లీ రావాలి అని. మూడు నెలలు కాకముందే కంపెనీ వాళ్లు ఇంటికి పంపించేశారు. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న ఆ కాగితాన్ని ఈయన బస్టాండు కాడ లామినేషన్ చేయించి, హోటల్లో బల్ల మీద పెట్టాడు.

స్టంటు అనే మాట మా ఊరికి తెలుసు. గుండెకు వేస్తారు. తొడ దగ్గర్నుంచో మణికట్టు దగ్గర్నుంచో తీగ పంపి వేస్తారు, కోత కూడా ఉండదు. అది వేసుకున్నవాళ్లు మా బజారులోనే ముగ్గురున్నారు. ఇంక దేనికైనా వేస్తారని మాలో ఒక్కరికీ తెలియదు. అయినా ఎవరో, “కాయితంల ఏమున్నదో చూడుండ్రి” అన్నారు. అందరూ నన్ను చూశారు. అందరిలో ఎక్కువ చదివింది నేనే. ఏడో తరగతి. అదీ సగం.

నేను ఆ కాగితాన్ని తీసుకొని, కళ్లజోడు సర్దుకున్నట్టు ముక్కు మీద వేలు పెట్టుకొని, గొంతు సవరించుకొని, వార్తలు చదివినట్టు చదివాను. అర్థమైనవి రెండు మాటలు. ఒకటి స్టెంట్. రెండోది లెఫ్ట్.

“లెఫ్ట్ అని రాసున్నది. గుండె ఏ పక్కకుంటది?”

“ఎడమ పక్కకు.”

“గదే లెఫ్టు. కింద డాక్టరు దస్తకత్ గూడ ఉన్నది. పాస్!”

హోటల్లో నవ్వులు. ఆయన నవ్వలేదు. అప్పుడే మొదటిసారి అరచెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకున్నాడు. కింద ఇంకా ఎన్నో వరుసలున్నాయి. ఆ మాటలు నాకు రావు. రావు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పటికి ఆయనకు భిక్నూర్‌లో సంబంధం ఖాయమై ఉంది. అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు చూసుకున్న పిల్ల. కాగితం చదివిన నాలుగో రోజు, “నువ్వు తోడు రా తమ్మీ, కాయితం సదివి చెప్పేటోడు ఉండాలె” అని నన్ను బస్సెక్కించాడు.

పిల్ల తండ్రి వాకిట్లో మంచం వాల్చాడు. పిల్ల పక్కనే కూర్చొని మక్క కంకుల గింజలు ఒలుస్తోంది. ఈయన అరచెయ్యి తీయకుండానే చెప్పాడు, “గుండెకు స్టంటు ఏసిండ్రు మామా. ఎన్ని దినాలుంటనో తెల్వది. మీ పిల్లను నాకియ్యకుండ్రి.” తండ్రి నావైపు చూశాడు. నేను ఆ కాగితాన్ని మళ్లీ చదివాను. ఈసారి ముక్కు మీద వేలు పెట్టుకోలేదు. అయినా అవే రెండు మాటలు.

తండ్రి తల వంచుకున్నాడు. అప్పుడు ఆ పిల్ల కంకి పక్కన పెట్టి, మాకు వినబడేటట్టే అంది, “ఇప్పటికైతే బతికే ఉన్నడు గద బాపూ. నేను చేసుకుంట.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఒద్దు” అన్నాడు. ఒక్కటే మాట. వెనక్కి చూడకుండా, ఆగి ఆగి, బస్సాగే చోటుదాకా నడిచాడు. నేను కాగితం పట్టుకొని వెనక. బస్సులో ఆయన్ని ఎట్లా పలకరించాలో తెలియక, కండక్టరు మీద ఒక జోకు వేశాను. కండక్టరు నవ్వాడు.

తర్వాత ఆ పిల్లకు అక్కడే ఇంకో సంబంధం చేశారు.

ఏళ్లు పోతుంటే ఆయనకు ఇంకో బాధ మొదలైంది. ఆటో ఆపమనడం. పది నిమిషాలకోసారి, “జర ఆపు తమ్మీ” అని దిగి చెట్టు చాటుకు పోయి చాలాసేపటికి వచ్చేవాడు. “ఏందన్నా, చెట్లకు నీళ్లు పోసే కంట్రాక్టు ఏమన్న పట్టినవా?” అనేవాణ్ని. ఒకసారి ఎర్రగా వస్తున్నదని మెల్లగా చెప్పాడు. గుండెకు రోజూ మింగే రక్తం పలచబడే గోలీ వల్లనట. ఆ గోలీ రాసిచ్చింది మా దగ్గరి సూది డాక్టరే. ఆ డాక్టరు కూడా కాగితం అడగలేదు, స్టంటు అన్న మాట విని రాశాడు.

రెండేళ్ల కింద ఒక రోజు పొద్దున్నే, ఆయన గుమ్మం పట్టుకొని వంగిపోయి ఉన్నాడు. రాత్రి నుంచి ఒక్క చుక్క రాలేదట. కడుపు కింద గుమ్మడికాయ పెట్టినట్టు ఉబ్బింది. ఆటోలో పడుకోబెట్టుకొని కామారెడ్డికి నడిపాను. ఆ రోజు బ్రేకర్ల ముందు ఆయన చెప్పక ముందే నేను మెల్లగా పోనిచ్చాను.

దవాఖానలో నర్సు ఫారం పట్టుకొని వచ్చింది. “మీరేమైతరు?”

“ఆటో.”

“ఆటో అంటే?”

“ఆటో అమ్మా. తీసుకొచ్చినోన్ని.”

“వేరే ఎవరన్న ఉన్నరా?”

నేను ఆయన్ని చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు.

“తమ్ముడని రాస్తున్న” అంది నర్సు. సంతకం పెట్టాను.

ముందు గొట్టంతో మూత్రం తీసేశారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు మా ఇద్దర్నీ లోపలికి పిలిచి, ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పొత్తికడుపులో తెల్లగా కోడిగుడ్డంత ముద్ద. దాని నుంచి సన్నటి తోక ఒకటి పైకి ఎగబాకి, నడుము దగ్గర కొక్కెంలా వంగింది.

“ఈ స్టెంటు ఎవరు వేశారు?”

ఆయన అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకొని చెప్పాడు. “మస్కట్‌ల ఏసిండ్రు సార్. గుండెకు.”

డాక్టరు ఫిల్మును చూశాడు, ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. పెన్ను తీసి ఆ తోక వెంట కిందికి గీశాడు. “గుండె ఇక్కడుంటుందా?”

తర్వాత నింపాదిగా చెప్పాడు. కిడ్నీ నుంచి మూత్రం దిగే దారిలో రాయి అడ్డం పడితే, నీళ్లు దిగడానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం వేస్తారట. జారిపోకుండా దాని రెండు కొసలూ చుట్టుకొని ఉంటాయట. దాన్ని కూడా స్టెంట్ అనే అంటారట. రెండు మూడు నెలల్లో తీసెయ్యాలి. తీయకపోతే దాని మీద మూత్రంలోని సున్నంలాంటిది పొరలు పొరలుగా పేరుకుంటుంది.

“బకెట్ల పెట్టే హీటరు రాడ్డుకు బోరు నీళ్లు పట్టినట్టా సార్?” అన్నాను.

“అచ్చం అట్లాగే. గతుకుల్లో పోతే నొప్పి వచ్చేదా మీకు?”

“వస్తుండె సార్. కిందికి.”

“మరి చెయ్యి పైన ఎందుకు పెట్టుకున్నారు?”

ఆయన సంచిలోంచి లామినేషన్ కాగితం తీసి ఇచ్చాడు. ఏడేళ్లు దేవుని పటం వెనక దాచిన కాగితం, అంచులు పసుపచ్చగా మారాయి. డాక్టరు చదివాడు. “లెఫ్ట్ కిడ్నీ. దీంట్లో గుండె అనే మాటే లేదు. మూడు నెలల్లో తీయించుకోవాలని రెండుచోట్ల కింద గీత గీసి మరీ రాశారు. ఇది ఎవరూ చదవలేదా?”

నా చెవుల్లో ఆటో ఇంజను తిరుగుతున్నట్టయింది. నేను నోరు తెరిచేలోపే ఆయనన్నాడు.

“ఎవలు సదువలే సార్. మా తాన ఎవలికి ఇంగ్లిషు రాదు.”

నావైపు చూడకుండా అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు గుండె పరీక్షలు చేశారు. తీగలు అంటించి గీతలు తీశారు, జిగురు రాసి టీవీలో చూశారు. గుండె మంచిగా ఉంది, ఆయన వయసువాళ్లలో ఇంత మంచి గుండె తక్కువ చూస్తామని కూడా అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను. సంతోషం కనబడుతుందనుకున్నాను. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలినవాడి ముఖంలా ఉంది.

మర్నాడు బొడ్డు కింద కోసి రాయి తీశారు. దానితోపాటు గొట్టం కూడా తోకలా వచ్చిందట. ఎడమ కిడ్నీ కొంత పాడైందనీ, రెండోది బాగానే నెట్టుకొస్తుందనీ డాక్టరు చెప్పాడు. రాయిని ప్లాస్టిక్ డబ్బాలో వేసి నా చేతికిచ్చాడు. బూడిదరంగు, గరుకుగా, తల పెద్దగా తోక సన్నగా, కప్పపిల్ల రాయిగా మారినట్టుంది. ఒకచోట పెచ్చు ఊడి లోపలి గొట్టం నీలంగా కనబడుతోంది.

సాయంత్రం ఆయనకు తెలివి వచ్చాక చూపించాను. డబ్బాను చేతిలో పట్టుకొని బరువు చూశాడు.

“గింత దాన్ని కింద మోసుకుంట, పైన గుండెను పట్టుకొని తిరిగిన్నా?”

నేను ఏదో ఒకటి అనాలి కదా. “అన్నా, నీ గుండె గుర్రం లెక్కున్నదట. ఇగ నవ్వచ్చు, డప్పు కొట్టచ్చు, క్రికెట్ చూడచ్చు. చివరి ఓవరు నువ్వే వెయ్యచ్చు.”

గోడవైపు తిరిగాడు. నిద్రపోయాడనుకున్నాను.

“తమ్మీ.”

“ఏందన్నా?”

“ఎవ్వలికి చెప్పకు.”

“నవ్వుతరనా?”

“నవ్వితే నవ్విరి. నీ ఆటోల అందరు నవ్వుతనే ఉంటరు. భిక్నూర్ల గామెకు తెలుస్తది.”

“తెలిస్తే ఏమైతది? పెండ్లయిపాయె, పిల్లలైరి.”

“గుండె బాగలేక ఒద్దన్నడని ఉన్నది ఆమెకు. మంచిగున్న గుండెతోటి ఒద్దన్నడంటే ఎట్లుంటది చెప్పు? చేసుకుంటనని తనే అనె, అందరి ముంగట. ఉత్తగనే కాదనిపించుకున్నట్టు అయితది. గట్ల కావొద్దు.”

చెయ్యి చాపాడు. ఇనుము వంచిన చెయ్యి, సూది గుచ్చి పట్టీ వేసి ఉంది. నా చెయ్యి అందులో పెట్టి ఒట్టు వేశాను. కాగితం ఎవరు చదివారన్న మాట ఆయన అప్పుడు కూడా ఎత్తలేదు.

ఆ వారం రోజులూ ఆయన నర్సుల్ని వేపుకు తిన్నాడు. ఆపరేషన్ తర్వాత మూత్రానికి ఇంకో గొట్టం పెట్టారు మరి. వచ్చిన ప్రతి మనిషినీ, “ఇది ఎన్నడు తీస్తరు?” అని అడిగేవాడు. చివరికి, “తారీకు తెలుగుల రాసియ్యి బిడ్డా” అని నర్సు చేత రాయించుకొని దిండు కింద పెట్టుకున్నాడు. ఊడ్చడానికొచ్చిన ఆమెకు కూడా చదివి వినిపించాడు. ఆ గొట్టం తీసిన రోజు, “ఇంకేమన్న ఉన్నదా లోపట? మంచిగ చూడుండ్రి” అని డాక్టరునే గదమాయించాడు.

ఇంటికి తెస్తున్నప్పుడు మధ్యాహ్నం. లింగంపేట దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. వెనక సీట్లో ఆయనొక్కడే.

“తమ్మీ, జర జోరుగ పోనియ్యి.”

నేను విననట్టు ఊరుకున్నాను.

“నిన్నే. జోరుగ పోనియ్యి అంటున్న.”

పోనిచ్చాను. నా ఆటోకు ఎంత జోరుంటుంది, అరుపు ఎక్కువ. ఎదురుగా బ్రేకరు. “ఆపకు” అన్నాడు. ఎగిరాం. నా తల పైకప్పుకు తగిలింది. వెనక ఏదో చప్పుడైతే కుట్లు విడిపోయాయేమోనని బండి ఆపి చూశాను. నవ్వుతున్నాడు. రెండు చేతులతో సీటు పట్టుకొని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పైపళ్లలో ఒకటి లేదని ఆ రోజే తెలిసింది నాకు. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం. ఎందుకో మాకే తెలియదు. ఆయనకైతే నిజంగానే కడుపు నొప్పి పుట్టి, సీటు మీది దిండు తీసి కుట్లకు అదుముకొని నవ్వాడు.

ఎల్లారెడ్డి ఇండ్లు కనబడుతుండగా అద్దంలో చూశాను. అరచెయ్యి మెల్లగా లేచి రొమ్ము మీదికి పోయింది.

“ఇగ ఎందుకన్నా అది? ఆమె భిక్నూర్ల ఉండె. ఈడ ఎవలు చూస్తున్నరు?”

“ముచ్చట నడిచిపోదా?” అన్నాడు. కొంచెం దూరం పోయాక, బయటికి చూస్తూ, “అదొక్కటే గాదు తమ్మీ. పొద్దుగాల అందరు ఆగి అడుగుతరు, పానం ఎట్లున్నదని. మంచిగున్నదంటే రేపటికెల్లి ఎవలడుగుతరు నన్ను?”

సందు మొదట్లో దిగాడు. మొదటి మెట్టెక్కి ఆగాడు. “కడుపుల రాయి ఉండె, తీసిండ్రు” అని అందరికీ చెప్పాడు. సగం నిజం. “గుండెతోటి గంత ఆపరేషన్ ఎట్ల తట్టుకున్నవే అన్నా!” అని ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

రెండేళ్లు ఆ వేషం తప్పకుండా వేశాడు. మెట్ల మీద ఆగడం, చివరి ఓవరుకు బయటికి రావడం, అన్నీ. ఒక్కసారైనా నావైపు చూసి కన్ను కొడతాడేమోనని చూసేవాణ్ని, నేనైతే కొట్టేవాణ్ని. కొట్టలేదు. నా బతుకులో నాకు దొరికిన అన్నిటికన్నా పెద్ద జోకు నోట్లో పెట్టుకొని రోజూ ఆ బస్టాండు కాడ నిలబడ్డాను. ఒక్కోసారి నాలుక కొసదాకా వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ జోకులో కాగితం చదివినవాడు కూడా ఉన్నాడని గుర్తొచ్చేది. అక్కడికి ఆగిపోయేది.

దినాలు అయిపోయిన మూడో రోజు మధ్యాహ్నం, బస్టాండులో ఒక ఆడమనిషి నా ఆటో దగ్గరికొచ్చి నిలబడింది. కొంచెం ఒళ్లు చేసింది, చెంపల దగ్గర నెరిసింది. గొంతు వినగానే గుర్తుపట్టాను.

“బీడీలు చేసెటాయన ఇల్లు తెలుసా తమ్మీ? పోయిండట గద.”

తీసుకెళ్లాను. గదికి తాళం వేసి ఉంది. దిగి, తాళాన్ని చూసి, పక్కన ఎవరినీ పలకరించకుండా మళ్లీ వచ్చి ఆటోలో కూర్చుంది. బస్టాండుకు పొమ్మంది. సందు దాటాక అడిగింది.

“ఆయన ఎంబడి మా ఇంటికొచ్చింది నువ్వే గద. కాయితం సదివినవు.”

“నేనే అక్కా.”

“గుండెతోటేనా పోయింది?”

చెప్పాలంటే అన్నీ చెప్పెయ్యొచ్చు. జ్వరమని చెప్పొచ్చు. రాయి అనీ, గొట్టమనీ, ఆ కాగితంలో నాకు రెండు మాటలే వచ్చనీ చెప్పి ఆమె చేత నాలుగు తిట్లు తిని తేలికపడొచ్చు. అద్దంలో ఆమె ముఖం చూశాను. జవాబు కోసం ముందుకు వంగి కూర్చుంది.

“గుండెతోటే అక్కా” అన్నాను.

వెనక్కి ఆనుకుంది. పొలాల వైపు చూసింది.

“మా ఇంటాయనకు గూడ పోయినేడు గుండెకు ఏసిండ్రు స్టంటు” అంది. “ఈయన్ను చేసుకున్నా గదే అయితుండె, చేసుకోకున్నా గదే ఆయె. రోజూ పొద్దుగాల గోలి యాది జేసుడు నా పనే. చెప్పకపోతే ఏసుకోడు.” కొంగు సర్దుకుంది. “ఈయనకు ఎవలు యాది జేసేటోళ్లు?”

“ఎవలు లేకుండెనక్కా” అన్నాను.

ఆ రోజు ఆయన గురించి ఆమెకు నేను చెప్పిన నిజం అదొక్కటే.